20 మిల్లీకెల్విన్ కింద నాయిస్ థర్మామీటర్ ఎందుకు దిగడం లేదు?

డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ (మిల్లీకెల్విన్ల చలిని ఇచ్చే యంత్రం) అడుగు పళ్లేనికి చిన్న రాగి రెసిస్టరు బిగించి, దాని ఉష్ణ రొదను (వేడి వల్ల ఎలక్ట్రాన్ల కదలికతో పుట్టే విద్యుత్ నాయిస్‌ను) స్క్విడ్‌తో, అంటే అతి సున్నితమైన అయస్కాంత సెన్సరుతో, కొలిచి ఉష్ణోగ్రత లెక్కిస్తున్నాను. రెసిస్టెన్సు దాదాపు 1.5 మిల్లీఓమ్‌లు, ఇండక్టెన్సు 1 మైక్రోహెన్రీ. అందువల్ల రొద వర్ణపటం (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద ఉందో చూపే గ్రాఫు) 240 హెర్ట్జ్ దగ్గర కిందికి వంగుతుంది.

50 మిల్లీకెల్విన్ వరకు దీని రీడింగు పక్కనే ఉన్న రుథీనియం ఆక్సైడ్ సెన్సరుతో చక్కగా సరిపోతోంది. ఆ తర్వాతే పేచీ. సెన్సరు 15 మిల్లీకెల్విన్ చూపిస్తుంటే, నాయిస్ థర్మామీటర్ 23 దగ్గర మొండికేసింది, రాత్రంతా వదిలేసినా అంతే. 100 సెకన్ల సగటుకు గణాంక దోషం 1 శాతం లోపే కాబట్టి ఇది అదృష్టం ఆడే ఆట కాదు. నిజానికి సెన్సరునూ నేను పూర్తిగా నమ్మను. అంత చలిలో అదీ వెనకబడవచ్చు.

పల్స్ ట్యూబును (రిఫ్రిజిరేటర్‌ను ముందుగా చల్లబరిచే, కంపనాలు పుట్టించే కూలరును) కొద్ది నిమిషాలు ఆపితే 1.4 హెర్ట్జ్ గుణిజాల దగ్గరి ముళ్లు మాయమయ్యాయి, కానీ రీడింగు 21కి మాత్రమే దిగింది.

నా అనుమానాలు రెండు: స్క్విడ్ సొంత రొదను సరిగా తీసివేయకపోవడం, లేదా తీగల గుండా వచ్చే రేడియో తరంగాలు రాగిలోని ఎలక్ట్రాన్లను వేడెక్కించడం. మొదటిదైతే వంపు దాటాక కూడా అడుగుమట్టం చదునుగా మిగలాలి. నా గ్రాఫులో 5 కిలోహెర్ట్జ్ దగ్గర అలాంటి మట్టం ఉంది, కానీ 8 మిల్లీకెల్విన్ల తేడాకు అది చాలదనిపిస్తోంది.

రెండోదాన్ని ఎలా నిర్ధారించుకోవాలి? స్క్విడ్ బయాస్ (దాన్ని నడిపే కరెంటు) మార్చి చూస్తే తెలుస్తుందా? రెసిస్టరును పళ్లేనికి వెల్డింగు చేయకుండా స్క్రూతో బిగించడమే తప్పా? ఇలాంటిది ఎదుర్కొన్నవారు చెప్పగలరు.