జపాన్ స్నేహితురాలితో పాతబస్తీ షాపింగ్: ఏం కొనిపించాలి, ఏం తినిపించాలి?

ప్రశ్న: మా యూనివర్సిటీకి ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన జపాన్ అమ్మాయిని ఈ ఆదివారం చార్మినార్‌కి తీసుకెళ్తున్నాను. తనకు గాజులంటే ప్రాణం. కారం మాత్రం అస్సలు తట్టుకోలేదు, నాకదే టెన్షన్.

జవాబు: మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి ఆటో ఎక్కమ్మా. చార్మినార్ పక్కనే ఉన్న గాజుల బజారు లాడ్ బజార్‌లో మెరిసేవన్నీ లక్క గాజులు కావు, అడిగి తీసుకో. తయారీ కూడా చూపించు: బొగ్గుల వేడికి మెత్తబడిన లక్కను గుండ్రంగా వంచి, ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. మా అమ్మ పెళ్లి గాజులు అక్కడివే, అందుకే ఇంతగా చెబుతున్నా. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది.

మరో జవాబు: తిండికి భయం వద్దండి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ల స్వీటు). బిర్యానీ తింటానంటే పెరుగు చట్నీ ఎక్కువ వేయించండి, మిర్చీ కా సాలన్ వద్దు.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అక్కా! గాజులకి బేరం ఆడొచ్చా?

జవాబు: తప్పకుండా ఆడు.