మార్టిన్ లూథర్ కింగ్ రిజర్వేషన్లకు వ్యతిరేకమా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది అనంతపురం, డిగ్రీ చదువుతున్నా. శుక్రవారం కాలేజీలో డిబేట్. మనిషిని ఒంటిరంగుతో కాదు, గుణంతో చూడాలని అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన కింగ్ 1963లో వాషింగ్టన్‌లో అన్న ఒక్క మాట పట్టుకుని, ఆయన రిజర్వేషన్లకు వ్యతిరేకి అంటున్నారు అవతలి టీమ్ వాళ్లు. మరి 1964లో నల్లవాళ్లతో పాటు పేద తెల్లవాళ్లకూ ప్రత్యేక సాయం కావాలని రాసింది ఆయనే కదా! 1968లో మెంఫిస్‌లో ఆయన్ని కాల్చి చంపింది కూడా పారిశుధ్య కార్మికుల సమ్మెకు అండగా వెళ్లినప్పుడే. 'నేను మనిషిని' అని రాసిన అట్టలు పట్టుకుని వరసగా నిలబడ్డ ఆ కార్మికుల ఫోటో చూస్తుంటే, తెల్లారుజామున నాలుగింటికే చీపురు తీసుకుని టవర్ క్లాక్ వైపు వెళ్లే మా నాన్నే కళ్లముందు కనిపిస్తాడు. కింగ్ చివరి ఏళ్ల ప్రసంగాలు తెలుగులో ఎక్కడ దొరుకుతాయన్నా? అవతలివాళ్లు అదే మాట మళ్లీ ఎత్తితే ముందు ఏం చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.