హోల్ ఇన్ ద రాక్ రోడ్డు మీద సెడాన్ వెళ్తుందా?

ప్రశ్న: యూటాలో బ్రైస్ కెన్యన్ చూసుకుని ఎస్కలాంటే ఊరి దగ్గర హోల్ ఇన్ ద రాక్ రోడ్డు మీదున్న డెవిల్స్ గార్డెన్‌కి (వింత ఆకారాల రాళ్లుండే చోటు) వెళ్దామనుకుంటున్నాం. అమ్మానాన్న కూడా వస్తున్నారు. అద్దె సెడాన్, మట్టి రోడ్డంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: హైవే 12 నుంచి 12 మైళ్లే అండి. నేల ఎండి ఉంటే సెడాన్ వెళ్తుంది, కాకపోతే ఆ గతుకులకు ఒళ్లు హూనమే. వాన పడిందా, ఆ బంకమట్టిలో ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కూరుకుపోతుంది, అందుకని ఎస్కలాంటే విజిటర్ సెంటర్లో అడిగి బయల్దేరండి. రాళ్లు పార్కింగ్ పక్కనే, పెద్దవాళ్లకి పెద్దగా నడక లేదు. అక్కడి మెటాటే ఆర్చ్ అనే సహజ రాతి తోరణం చాలా సన్నం, పిల్లల్ని ఎక్కనివ్వకండి.

జవాబు: ఎత్తైన బండి దొరికితే ఇంకా లోపలికి, డాన్స్ హాల్ రాక్ దాకా వెళ్లండి. 1879లో దాదాపు 250 మంది మోర్మన్ (ఒక క్రైస్తవ శాఖ) వలసదారులు ముందు దారి తయారయ్యేదాకా ఆ చుట్టుపక్కలే ఆగి, ఆ రాతి గుహలాంటి చోట ఫిడేలు వాయించుకుంటూ డాన్సులు చేశారట! తర్వాత హోల్ ఇన్ ద రాక్ అనే కొండచీలికని మందుగుండుతో వెడల్పు చేసి, 1880 జనవరిలో చక్రాలకి గొలుసులు బిగించి, వెనక తాళ్లు పట్టుకుని బండ్లని కొలరాడో నదికి దించారు. ఆరు వారాలనుకున్న ప్రయాణం ఆరు నెలలైంది. రోడ్డు చివరి మైళ్లకి మాత్రం సెడాన్ మాటెత్తకండి.

జవాబు: డెవిల్స్ గార్డెన్‌లో తాగునీళ్లుండవు, ఫోన్ సిగ్నల్ నమ్ముకోవద్దు. టాయిలెట్, పిక్నిక్ బల్లలు ఉన్నాయి, పులిహోర కట్టుకెళ్లండి. పెట్రోల్ ఎస్కలాంటే ఊళ్లోనే కొట్టించుకోండి.