ఆడబోయేవాడా, ఆడబోయినవాడా?

అనంతపురం సభ్యులు: చిన్నప్పుడు మా వ్యాయామోపాధ్యాయులు ఫుట్‌బాల్ నియమాలను తెలుగులో వల్లె వేయించేవారు. ఆఫ్‌సైడ్‌లో (అవతలి జట్టు సగంలో బంతినీ, ఆ జట్టు చివరి నుంచి రెండోవాణ్ణీ దాటి గోల్ వైపు) ఉన్నవాణ్ణి పడదోయడం గురించిన వాక్యం సగమే గుర్తుంది: ‘బంతిని ఆడబో... వాణ్ణి పడదోస్తే తప్పు పడదోసినవాడిదే’. మధ్యలో ఉన్నది ‘యే’నా, ‘యిన’నా?

కర్నూలు సభ్యులు: సందేహమెందుకు, ‘యే’ యే. ఆఫ్‌సైడ్ స్థానంలో నిలవడం నేరం కాదని 11వ నియమమే చెబుతున్నది. బంతి కోసం పరుగెత్తుతూ, ఇంకా దానిని ఆడే ప్రయత్నం చేయనివాణ్ణి పడదోస్తే ఫౌల్ ముందు జరిగినట్టు. పెనాల్టీ పెట్టెలో అయితే పెనాల్టీయే. ప్రయత్నం మొదలైన తరువాత పడదోస్తే ఆఫ్‌సైడ్ ముందు జరిగినట్టు. పరోక్ష ఫ్రీకిక్ అవతలి జట్టుకు పోతుంది. కనుక ‘యిన’ అని చదివితే నియమమే తలకిందులవుతుంది.

ప్రొద్దుటూరు సభ్యులు: అయ్యా, ‘ఆడబోయిన’ అంటే ప్రయత్నం జరిగిపోయిందని మీకెవరు చెప్పారు? ‘చెప్పబోయి ఆగాడు’ అన్నప్పుడు అతడు నోరు తెరిచినట్టా, తెరవనట్టా? ‘బోవు’లో ఉద్దేశమూ ఉన్నది, ఉపక్రమమూ ఉన్నది. ఆ రెండింటి నడుమ గీత గీయమని రిఫరీని అడగడమే ఈ నియమంలోని అన్యాయం. చొక్కా పట్టి లాగిన క్షణానికి కుడికాలు నేల విడవకపోతే పెనాల్టీ, జానెడు లేస్తే ఏమీ లేదు. లాగిన చెయ్యి అదే, పడ్డ మనిషీ అతడే!

అనంతపురం సభ్యులు: మా వైపు ఈ చిక్కు లేదు. ‘తన్నేకి పోతాండె’ అంటే ఉద్దేశం, ‘తన్నబోయె’ అంటే కాలు లేచింది. నియమావళిని సీమ మాటలో రాసి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు.

ఒంటిమిట్ట సభ్యులు: పోతన ఈ తేడాను ఎప్పుడో చూపించాడు. 8వ స్కంధంలో, గజేంద్రుని కోసం పరుగెత్తే హరి వెంట లక్ష్మి ‘అడిగెదనని కడువడిఁ జను’ (అడుగుతానని వడిగా నడుస్తుంది). చనడం ఉన్నది, అడగడం లేదు. మీ 11వ నియమం ప్రకారం ఆమెను అక్కడ ఆపినవాడిదే తప్పు.

కర్నూలు సభ్యులు: బాగుంది, కానీ రెండో పాదంలో (‘నడిగినఁ దను ... నుడుగఁడని నడ యుడుగున్’) మీరు చదివేది ‘మగుడ’నా, ‘మగడు’నా? ‘తిరిగి బదులు పలకడు’ అనడానికీ, ‘భర్త పలకడు’ అనడానికీ చాలా దూరం.

ఒంటిమిట్ట సభ్యులు: ‘మగుడ’. మా ఊరి కవిని మాకే నేర్పుతారా? (పోతన తమ ఊరివాడనే బమ్మెర వారు రాకముందే ఈ మాట అనేస్తున్నాను.)

ప్రొద్దుటూరు సభ్యులు: ఊరిని బట్టి పాఠం తేలదు, ఛందస్సును బట్టీ తేలదు, రెండూ మూడేసి లఘువులే. నాకు ‘మగుడ’ ఇష్టం, ఎందుకంటే ఆమె సంకోచం మొగుడి మీద కోపం కాదు, బదులు రాదేమోనన్న బెరుకు. అయితే ‘అడుగిడు నడుగిడదు’ అన్న చివరి పాదం దగ్గర రిఫరీ ఏం చేయాలి? అడుగు పడుతున్నది, పడటం లేదు, ఉద్దేశమా, ప్రయత్నమా?

కర్నూలు సభ్యులు: ఆ పాదం ఆమె జడిమను (కాలు కదలనితనాన్ని) గురించినది, నియమానికి ఆధారం కాదు. న్యాయం సంగతికి వస్తే, నాకు మింగుడుపడనిది మీరు చెప్పిన జానెడు కాదు. బంతి అందుకొని గోల్ కొట్టినా చెల్లని మనిషిని పడదోసినందుకు పెనాల్టీ ఇవ్వడం ఏమిటి? రానిదాన్ని పోగొట్టినందుకు జరిమానా కదా అది?

అనంతపురం సభ్యులు: ఆగండి. పడినవాడి మోకాలికి గోల్ చెల్లుతుందో చెల్లదో తెలియదు. ఆఫ్‌సైడ్ ముందు జరిగిందని తేలినా మోటుగా తన్నినవాడికి రిఫరీ కార్డు చూపవచ్చు కదా, దెబ్బకు లెక్క అక్కడైనా ఉన్నది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది: మా ఉపాధ్యాయులు పలికింది ‘యే’నా, ‘యిన’నా?

ప్రొద్దుటూరు సభ్యులు: ‘యిన’. వారు కడప వైపు వారై ఉంటారు.

కర్నూలు సభ్యులు: అయితే తప్పకుండా ‘యే’.