‘గన్సెల్’ అంటే తుపాకీ రౌడీయేనా?

ప్రశ్న: డాషెల్ హామెట్ నవల ‘మాల్టీస్ ఫాల్కన్’లో డిటెక్టివ్ శామ్ స్పేడ్, విల్మర్ అనే కుర్రాణ్ణి ‘గన్సెల్’ అంటాడు. ‘తుపాకీ రౌడీ’ అని అనువదిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ఇంగ్లీషు ‘గన్’లా వినిపించినా ఆ మాటలో తుపాకీ లేదు, బాతుపిల్ల ఉంది! యూదుల భాష యిడ్డిష్‌లో పెద్దబాతు పిల్లను పిలిచే మాట అది. అమెరికాలో దొంగచాటుగా రైళ్లెక్కి తిరిగే దేశదిమ్మరుల నోట, జైళ్లలో అర్థం మారి, పెద్దవాడు పడకకోసం వెంట ఉంచుకునే కుర్రాడికి పేరైంది. స్పేడ్ ఈ మాట అనేది విల్మర్ యజమాని గట్‌మన్‌తో. తిట్టు ఇద్దరికీ తగులుతుంది.

మరొకరు: హామెట్‌కు ఈ మాటలు ఊరికే దొరకలేదు. 1915 నుంచి 1922 దాకా, మధ్యలో సైన్యం, క్షయరోగం అడ్డొచ్చినా, పింకర్టన్ ఏజెన్సీలో డిటెక్టివ్ పని చేశాడు. నవల 1929 సెప్టెంబరు నుంచి ‘బ్లాక్ మాస్క్’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. సంపాదకుడు జోసెఫ్ షా బూతు పడనిచ్చేవాడు కాదు. పెరీ మేసన్ అనే లాయరు పాత్రను సృష్టించిన రచయిత గార్డ్‌నర్ చెప్పిన ప్రకారం, హామెట్ ‘గూస్‌బెరీ లే’ అనే మాటను ఎరగా వేశాడు. తీగల మీద ఆరేసిన బట్టలు కాజేయడమని దానర్థం. షా దాన్ని బూతనుకుని పట్టుకున్నాడు, గన్సెల్‌ను తుపాకీవాడనుకుని వదిలేశాడు. విల్మర్ దగ్గర నిజంగానే రెండు పిస్తోళ్లుంటాయి, కాబట్టి పాఠకులూ అదే అనుకున్నారు. 1941 సినిమాలోనూ మాట నిలిచింది. చివరికి ఆ పొరపాటు అర్థమూ నిఘంటువులకెక్కింది.

ప్రశ్న: అయితే ‘ఉంపుడుగాడు’ అందామా? వంటకత్తెకు వంటకాడు ఉన్నట్టే, ఉంపుడుగత్తెకు.

జవాబు: వ్యాకరణం కుదిరింది, పని కుదరలేదు. వినగానే అర్థమైపోతుంది, షా కూడా పట్టేసేవాడు. పైకి అమాయకంగా, లోపల ముల్లుతో ఉండే మాట కావాలి. ‘కుర్రకుంక’లో ఆ ముల్లు లేదు. ‘పెంపుడు కుర్రాడు’ చూడండి. పెంపుడు కొడుకూ గుర్తొస్తాడు, పెంపుడు జంతువూ గుర్తొస్తుంది. “నీ పెంపుడు కుర్రాణ్ణి నా దరికి రానీకు” అన్నప్పుడు బరువంతా ‘నీ’ మీద పడాలి.

మరొకరు: బాగుంది. వివరణ మాత్రం అదే పేజీ అడుగున పెట్టకండి. దాచిన మాట గుట్టు అక్కడే రట్టవుతుంది. పుస్తకం చివర పెట్టండి.