కొత్త స్పీకర్ కేబుల్‌ను వంద గంటలు నడిపించాల్నా?

నల్లగొండ_శ్రోత:
అన్నలూ, హాల్‌ల స్టీరియోకు కొత్త స్పీకర్ కేబుల్ తెచ్చిన. హైదరాబాద్‌ల అమ్మినాయన "100 గంటలు పాటలు నడిపితేనే అసలు సౌండ్ వస్తది" అన్నడు. ఇప్పుడైతే వయొలిన్ జర కటువుగ వినిపిస్తున్నది. మీకెవరికన్నా మారిందా?

పాలమూరు_పాతపాటలు:
నాకు మారింది తమ్మీ. కేబుల్ మార్చిన కొత్తల గొంతులు ముక్కుల నుంచి వచ్చినట్టుండె, పోంగపోంగ మెత్తవడ్డయి. రోజూ వినేటోన్ని, నా చెవి మీద నాకు నమ్మకం.

మిర్యాలగూడ_మైక్‌సెట్:
పెండ్లిళ్లకు, బతుకమ్మకు మైక్‌సెట్ పెడ్తం. మా దగ్గర ఏండ్లకేండ్లు పాడిన కేబుళ్లు ఉంటయి, నిన్న తెచ్చినవీ ఉంటయి. రెండూ ఒకే మందం రాగివైతే తేడా పట్టలేం. కొత్త వూఫర్, అంటే బేస్ ఇచ్చే పెద్ద స్పీకర్ మాత్రం మారుతది. కోన్ చుట్టూ ఉండే అంచు, వెనక దాన్ని పట్టుకునే ముడతల గుడ్డ (స్పైడర్) కదిలి కదిలి వదులైతయి, బేస్ జర ఇంక లోతుగ వస్తది. రాగి తీగెల కదిలేది ఏముంది?

పాలమూరన్నా, మీరు విన్నది అబద్ధం అంటలేను. పాత కేబుల్ కొసలు నల్లవడి ఉంటయి. కొత్తగ గీకి, గట్టిగ బిగిస్తే కనెక్షనే బాగైతది. వారం వింటే చెవి కూడ ఆ సౌండ్‌కు అలవాటు పడ్తది.

దేవరకొండ_కరెంటు:
లెక్క చెప్త. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 8 ఓంలు. స్పీకర్ 5 మీటర్ల దూరంల ఉంటే పోనురాను 10 మీటర్లు, అంటే 0.08 ఓం. 8 ఓంల స్పీకర్ ముందట అది ఒక్క శాతం. అదే 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరైతే 0.4 ఓం దాంక పోతది, అప్పుడు పట్టించుకోవాలె. 100 గంటలు పాటలు పోయినా ఈ అంకె మారదు.

ఇంకోటి. రోజుకు 4 గంటలు వింటే 100 గంటలకు 25 రోజులు. వాపసు ఇచ్చే గడువు అప్పటికి ఉంటదా? బిల్లు చూసుకో తమ్మీ.

ముందుగాల బ్లేడుతోటి ఒక పోగు గీకి చూడు. పైన ఎర్రగ, లోపల తెల్లగ ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం, నేను చెప్పిన రాగి లెక్క దానికి నడవదు. పైన తెల్లగ, లోపల ఎర్రగ ఉంటే తగరం పూసిన రాగి, దాంతోటి ఇబ్బంది లేదు.

సూర్యాపేట_స్టీరియో:
ప్లస్ మైనస్ కూడ చూస్కో. ఒక్క స్పీకర్‌కు తిరగబడ్డా బేస్ పోతది, గొంతు మధ్యల నిలవదు. ఆంప్లిఫయర్ దిక్కు వైర్లు ఊడదీసి, ఆ కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకియ్యి. సెల్ ప్లస్ వైరు ప్లస్‌కు తగిలితే వూఫర్ ముందుకు ఉబ్బాలె. రెండు దిక్కులా అట్లనే రావాలె.

పాలమూరు_పాతపాటలు:
లెక్క ఒప్పుకుంట. కానీ విన్నదాన్ని విననట్టు ఎట్ల అనుకోవాలె?

మిర్యాలగూడ_మైక్‌సెట్:
అనుకోవద్దన్నా, పరీక్ష పెట్టున్రి. ఒకే కేబుల్ రెండు ముక్కలు, ఒకే పొడుగు. బ్యాలెన్స్ ఒక దిక్కుకే తిప్పి ఒక ముక్కతోటే పాటలు వినున్రి, రెండోది పక్కకు పెట్టున్రి. 100 గంటలైనంక రెండు స్పీకర్లకు చెరొకటి బిగించి పాత మోనో పాట (రెండు స్పీకర్లల ఒకే సౌండ్ వచ్చేది) పెట్టున్రి. తేడా అనిపిస్తే ముక్కలు అటుదిటు మార్చున్రి. తేడా కేబుల్ వెంట పోతే మీరు గెలిచినట్టు. ఉన్నకాడనే ఉంటే అది గదిదో స్పీకర్‌దో. ఏ ముక్క ఎటున్నదో మీకు చెప్పకుండ ఇంట్ల వాళ్లతోటి మార్పియ్యున్రి, అదే ముఖ్యం.

నల్లగొండ_శ్రోత:
గీకిన, లోపల కూడ ఎర్రగనే ఉంది. సెల్ పెడితే రెండు వూఫర్లూ ముందుకే ఉబ్బినయి. కుడి దిక్కుకు పాత కేబుల్, ఎడమ దిక్కుకు కొత్తది పెట్టి మోనో పాట విన్న, కుడిదే కటువు. కేబుళ్లు అటుదిటు మార్చినా కుడిదే కటువు. అటు పక్కన ఇనుప బీరువా ఉంది.

దేవరకొండ_కరెంటు:
అయితే కేబుల్ సంగతి ఇడిసిపెట్టు. స్పీకర్‌ను బీరువాకు రెండడుగులు దూరం జరుపు, బీరువా తలుపు మీద మందపాటి దుప్పటి ఏలాడదీసి అదే పాట మళ్ల విను. ఏమైందో చెప్పు.