మృదంగం ముందు స్త్రీ కూర్చుంటే శ్రోతలకు అభ్యంతరం ఎందుకు?

ప్రశ్న: గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

మా ఊళ్ళో ఒక శాస్త్రీయ సంగీత సభ నిర్వహణలో నేనూ పాలుపంచుకుంటున్నాను. ఈసారి త్యాగరాజ ఆరాధన కచేరీలకు కళాకారులను ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. ప్రధానమైన సాయంత్రానికి గాత్రం ఒక విద్వాంసుడికి, వయొలిన్, మృదంగం ఇద్దరు యువ విద్వాంసురాళ్ళకు ప్రతిపాదించాను. వయొలిన్ పేరు దగ్గర కార్యవర్గంలో ఎవరూ ఏమీ అనలేదు. మృదంగం పేరు చదవగానే "మన శ్రోతలు ఒప్పుకోరండీ" అన్న మాట ఇద్దరు ముగ్గురి నోట ఒకేసారి వచ్చింది. ఆ అమ్మాయి వాయింపు అక్కడున్న వారిలో ఎవరూ విని ఉండలేదు. చివరికి ఆమెను మార్చిలో మహిళా దినోత్సవ కచేరీకి పిలుద్దామని, అక్కడ గాత్రం మొదలు ఘటం దాకా అందరూ స్త్రీలే ఉంటారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదని ఒక సర్దుబాటు సూచించారు. నిర్ణయం ఇంకా కాలేదు.

గాయనిని నెత్తిన పెట్టుకునే మన శ్రోత, వీణ ముందు స్త్రీ కూర్చుంటే సాక్షాత్తు సరస్వతి అని చేతులు జోడించే మన శ్రోత, లయవాద్యం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనకాడతాడో నాకు అంతుపట్టడం లేదు. ఇది నిజంగా శ్రోతల మనసులో ఉన్న మాటేనా, లేక శ్రోతల పేరు చెప్పి మాలాంటి నిర్వాహకులు, తోటి కళాకారులు నిలబెడుతున్న ఆనవాయితీయా? వేదిక మీద అనుభవం ఉన్నవారు చెబితే మేలు. శ్రోతగా మీకే అభ్యంతరం ఉన్నట్లయితే అదీ మొహమాటం లేకుండా రాయండి. కార్యవర్గంలో మాట్లాడేటప్పుడు ఎదుటి వాదన బలమేమిటో నాకు తెలిసి ఉండాలి.

జవాబు: ఆదితాళం (విజయవాడ)

నమస్కారమండీ. నేను మృదంగం వాయిస్తాను, పిల్లలకు నేర్పుతాను. మీ కార్యవర్గం చెప్పిన మాట నేను చాలా సభల నుంచి విన్నాను, అయితే శ్రోతల నుంచి నేరుగా విన్నది దాదాపు లేదు. శ్రోతల దగ్గర నాకు ఎదురయ్యేది నిరాకరణ కాదు, ఒక రకమైన ఆశ్చర్యం. కచేరీ అయ్యాక వచ్చి "ఆడపిల్లవైనా మగవాడికి దీటుగా వాయించావమ్మా" అంటారు. వారు మనస్ఫూర్తిగా అంటున్నారని నాకు తెలుసు, కాబట్టే నమస్కారం పెట్టి ఊరుకుంటాను. కానీ ఆ మెప్పులో నేను ఆ రోజు కీర్తన అనుపల్లవిలో గాయకుడి సంగతులకు ఎక్కడ తగ్గి ఎక్కడ అందుకున్నానో, తని ఆవర్తనంలో (లయవాద్యాలు మాత్రమే విడిగా వాయించే భాగంలో) తిస్రగతి (మూడేసి మాత్రల నడక) ఎలా నడిచిందో, ముక్తాయింపు (ముగింపు వరస) సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, ఎలా చేరిందో ఏదీ ఉండదు. నా పక్కన ఘటం వాయించిన అబ్బాయితో అదే పెద్దమనిషి అవన్నీ మాట్లాడతారు. వారు అతణ్ణి విన్నారు, నన్ను చూశారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకొక విషయం కూడా గమనించాను. తని ఆవర్తనం మొదలుకాగానే కొందరు లేచి కాఫీకి వెళ్ళడం మన సభల్లో పాత అలవాటే. నేను వాయించేటప్పుడు తక్కువ మంది లేస్తారు. మొదట్లో దాన్ని గౌరవమనుకునేదాన్ని. చేతులు ఎలా ఆడుతున్నాయో చూడటానికి కూర్చుంటున్నారని తర్వాత అర్థమైంది. అలా కూర్చున్న వారిలో ఒకరిద్దరైనా వినడం మొదలుపెడతారన్నదే నా ఆశ, నా అనుభవంలో అది జరిగింది కూడా.

మహిళా దినోత్సవ కచేరీల గురించి సూటిగా చెబుతాను. అక్కడికి నేను వెళతాను, తోటి కళాకారిణులతో వాయించడం నాకు ఇష్టం. అయితే ఏడాదికి ఒక్క రోజు పిలిచి, మిగిలిన రోజులన్నిటికీ తలుపు మూయడానికి ఆ రోజును సాకు చేసుకుంటే అది ఆదరణ ఎలా అవుతుంది? పక్కవాద్యం నేర్పు పెరిగేది రకరకాల గాయకుల పక్కన కూర్చున్నప్పుడే. పెద్ద విద్వాంసుల పక్కన కూర్చునే అవకాశమే ఇవ్వకుండా, అనుభవం చాలదని తర్వాత అనడం న్యాయం కాదు.

మా తరం ఈ వాద్యం పట్టడానికి నిడుమోలు సుమతి గారే కారణం. దండమూడి సుమతీ రామమోహనరావుగా మన ప్రాంతపు శ్రోతలందరికీ తెలిసిన ఆమెకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆడపిల్లకు మృదంగం ఏమిటని ఒకప్పుడు మా నాన్నగారిని అడిగిన బంధువులే ఫోను చేసి అభినందించారు. మీ కార్యవర్గంలో "మన శ్రోతలు" అన్నవారిని ఒక్కటి అడగండి: ఆమె దశాబ్దాలుగా వాయించింది ఈ కోస్తా జిల్లాల శ్రోతల ముందే కదా, వారు ఒప్పుకున్నారా లేదా?

జవాబు: పాత రసికుడు (కాకినాడ)

మీరు మొహమాటం లేకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను చిన్నతనం నుంచి కచేరీలు వింటున్నవాణ్ణి. స్త్రీల గానం మీద నాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు. అయినా మృదంగం విషయంలో నా చెవికి ఒక అలవాటు ఉంది. తగ్గు శ్రుతి మృదంగం మీద ఎడమ వైపు నుంచి వచ్చే గుమికి అనే లోతైన నాదానికి, కుడి వైపు చాపు అనే దెబ్బకు కావలసిన బరువు వేరు. ఆ బరువు స్త్రీల చేతిలో నాకు తక్కువగా వినబడింది. ఇది ద్వేషం కాదు, చెవికి పడిన సంస్కారం.

పైగా శ్రుతి సమస్య కూడా ఉంది. గాయకులు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య పాడతారు, గాయనులు నాలుగున్నర, ఐదున్నర శ్రుతుల మధ్య పాడతారు (అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు). హెచ్చు శ్రుతికి మృదంగం వేరే ఉండాలి, దాని నాదమూ వేరు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి మృదంగ మహావిద్వాంసుడు చాలాకాలం స్త్రీల కచేరీలకు వాయించలేదంటే అది ఊరికే కాదు కదా. ఒక సంప్రదాయం వెనుక కారణాలు ఉంటాయి. వాటిని కొట్టిపారేసే ముందు కాస్త ఆలోచించాలని నా మనవి.

జవాబు: మధ్యమకాలం (హైదరాబాదు)

పాత రసికుడు గారూ, మీరు దాచకుండా రాసినందుకు కృతజ్ఞతలు. నేను సంగీత చరిత్ర చదువుకున్నదాన్ని. మీరు చెప్పిన కారణాలలో మొదట శ్రుతి సంగతి తీసుకుంటాను, ఎందుకంటే సభల్లో అన్నిటికన్నా గట్టిగా వినబడేది అదే.

హెచ్చు శ్రుతి మృదంగం పొట్టిగా ఉంటుందని, దానిలో తగ్గు శ్రుతి గాంభీర్యం రాదని మృదంగ విద్వాంసులు చెప్పే మాట నిజం. వయొలిన్ తీగలు అంత ఎత్తుకు బిగించడం కూడా కష్టమే. అయితే ఈ కారణం దేనికి వర్తిస్తుందో చూడండి. గాయనికి ఒక పురుషుడు మృదంగం వాయించడానికి ఇష్టపడకపోవడాన్ని అది కొంతవరకు వివరిస్తుంది. ఇక్కడ ప్రశ్న దానికి తలకిందులుగా ఉంది. పాడేది పురుషుడు, శ్రుతి తగ్గు శ్రుతి, మృదంగం మీరు కోరుకునే గంభీరమైన మృదంగమే, వాయించేది మాత్రం స్త్రీ. అక్కడ శ్రుతి సమస్య ఏ కొంచెమూ లేదు. అయినా అభ్యంతరం అలాగే ఉంది. కాబట్టి అభ్యంతరానికి మూలం శ్రుతి కాదని ఒప్పుకోక తప్పదు.

మణి అయ్యర్ గారి ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి దాని మిగతా సగం కూడా చెప్పాలి. ఆయన ఆ నియమాన్ని చివరిదాకా నిలుపుకోలేదు. గాయని డి.కె. పట్టమ్మాళ్ గానానికి ఆయన వాయించారు. తర్వాత ఆయన కుమార్తె ఆమె కోడలైంది. పట్టమ్మాళ్ కూడా ఊరికే అంగీకారం పొందలేదు. రాగం తానం పల్లవి, అంటే కచేరీలో లయ లెక్కలతో అల్లే పెద్ద అంశం, పురుషుల సొత్తు అనుకునే కాలంలో క్లిష్టమైన పల్లవులు పాడి, శ్రోతల చేతనే పల్లవి పట్టమ్మాళ్ అనిపించుకున్నారు. లెక్కతో కూడిన సంగీతం స్త్రీ మేధకు అందదన్న నమ్మకాన్ని ఆ శ్రోతలు కచేరీలు వినీ వినీ వదులుకున్నారు. మృదంగం గురించిన నమ్మకం కూడా అదే జాతికి చెందినదని నా అభిప్రాయం.

ఇంకా వెనక్కు వెళితే మన తెలుగువారికి మరీ దగ్గరి ఉదాహరణ ఉంది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ. 1920లలో తన సొంత ఆస్తి వెచ్చించి కట్టించింది. అప్పటికి అక్కడ ఆరాధన జరిపే పురుషుల బృందాలు స్త్రీలను పాడనిచ్చేవి కావు. ఆమె స్త్రీలను కూడగట్టి వేరే ఆరాధన జరిపింది. అందరూ కలిసి ఒక్క ఉత్సవంగా చేసుకోవడం 1940ల మొదట్లో గానీ సాధ్యం కాలేదు. మీరు ఇప్పుడు ఏర్పాటు చేస్తున్నది ఆ త్యాగరాజ ఆరాధనే కదా. ఆ వేడుకలో స్త్రీ ఎక్కడ కూర్చోవచ్చునన్న చర్చ కొత్తది కాదు, ప్రతి తరంలో ఒక్కో మెట్టు మీద ఆగి మళ్ళీ మొదలవుతోంది. మొదట పాడవచ్చునా అన్నారు, తర్వాత పల్లవి పాడవచ్చునా అన్నారు, ఇప్పుడు పక్కన కూర్చుని మృదంగం వాయించవచ్చునా అంటున్నారు.

మీ కార్యవర్గం వయొలిన్‌కు అభ్యంతరం చెప్పలేదన్నది నన్ను ఆలోచింపజేసింది. వయొలిన్‌కు ఆ స్థానం దానంతట అది రాలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కుమార్తె మంగతాయారు గారు, విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి గారు ఏళ్ళ తరబడి వేదికల మీద కూర్చున్న ఫలితం అది. కన్యాకుమారి గారు ఎం.ఎల్. వసంతకుమారి గానానికి చాలాకాలం సహకరించారు, కద్రి గోపాలనాథ్ శాక్సఫోన్‌కు కూడా వాయించారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పురస్కారం ఒక స్త్రీకి మొదటిసారి దక్కింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి. వయొలిన్ వాయించే స్త్రీకి అది దక్కడానికి 2016 దాకా పట్టింది, ఆమె కన్యాకుమారి గారే. గాత్రానికీ వయొలిన్‌కూ మధ్య ఉన్న ఆ దాదాపు అర్ధ శతాబ్దపు దూరం శ్రోతల చెవిలో పుట్టిందని నేను నమ్మను.

లయవాద్యాల దగ్గర తోటి కళాకారుల పాత్ర ఎంత ఉందో చెప్పడానికి ఘట విద్వాంసురాలు సుకన్యా రామ్‌గోపాల్ అనుభవం చాలు. స్త్రీతో వేదిక పంచుకోవడానికి ఒక మృదంగ విద్వాంసుడు ఇష్టపడనందువల్ల తనను కచేరీ నుంచి తప్పించారని ఆమె 2015లో బహిరంగంగా చెప్పారు. అప్పటికి ఆమె దశాబ్దాలుగా వాయిస్తున్న పేరున్న కళాకారిణి. ఆ కచేరీకి వచ్చిన శ్రోతలను ఎవరూ ఏమీ అడగలేదు. వారికి ఆమె లేని వేదిక కనిపించింది, అంతే.

జవాబు: తెరచాటు (డాలస్)

మధ్యమకాలం గారి మాటకు ఒక చిన్న చేర్పు. చెవికి తేడా తెలుస్తుందన్న వాదన పాశ్చాత్య వాద్యబృందాల్లో కూడా చాలాకాలం నడిచింది. 1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ట్రాంబోన్ వాద్యకారుడి కోసం తెర వెనుక కూర్చోబెట్టి పరీక్ష పెట్టినప్పుడు ఎంపికైన వ్యక్తి ఆబీ కోనంట్ అనే అమెరికన్ మహిళ. చెవితో విన్నంతసేపూ ఆమే ఉత్తమమనిపించింది. తెర తీసి, కొన్నాళ్ళు గడిచాక, ఆ ప్రధాన స్థానానికి పురుషుడు కావాలని నిర్వాహకులు ఆమెను కింది స్థానానికి దించారు. తన స్థానం తిరిగి పొందడానికి ఆమె ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడవలసి వచ్చింది. వియన్నా ఫిల్‌హార్మోనిక్ స్త్రీని పూర్తి సభ్యురాలిగా చేర్చుకున్నది 1997లో. ఆ హార్ప్ వాద్యకారిణి అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా వారితోనే వాయిస్తూ ఉంది. ఆ సంవత్సరాల్లో టిక్కెట్టు కొని వచ్చినవారు ఆమె నాదాన్నే విన్నారు.

ఇక్కడ మన తెలుగు కుటుంబాల్లో మరొకటి గమనిస్తున్నాను. గాత్రానికి, వయొలిన్‌కు, వీణకు అమ్మాయిలను పంపుతాం, మృదంగానికి అబ్బాయిలను పంపుతాం. గురువు వద్దనలేదు, పిల్ల వద్దనలేదు, ఎంపిక చేసింది తల్లిదండ్రులమైన మనం. ఆ పిల్లలే రేపు సభలో కూర్చునే శ్రోతలు. మృదంగం ముందు అమ్మాయిని తరగతిలో కూడా చూడకుండా పెరిగితే వేదిక మీద చూసినప్పుడు వింతగానే అనిపిస్తుంది.

జవాబు: పాత రసికుడు (కాకినాడ)

శ్రుతి గురించి చెప్పిన మాటకు నా దగ్గర సమాధానం లేదు. నాదం బరువు గురించి మాత్రం నా అభిప్రాయం అలాగే ఉంది, కాకపోతే అది నేను విన్న కొద్దిమంది గురించి చెప్పగలిగిన మాట, స్త్రీలందరి గురించి చెప్పగలిగిన మాట కాదు. బరువు లేని చేయి పురుషులలోనూ విన్నాను. గౌతమీతీరం గారూ, ఆ కచేరీ ఖాయమైతే తెలియజేయండి, వస్తాను. ముందు వరుసలో కూర్చుని వింటాను.

జవాబు: గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కార్యవర్గ సమావేశంలో రెండు విషయాలు చెప్పదలచుకున్నాను. మొదటిది, ఆమె వాయించిన కచేరీ రికార్డింగు ఒకటి పేరు చెప్పకుండా అందరికీ వినిపించి, ఆ తర్వాతే చర్చ మొదలుపెట్టమని అడుగుతాను. రెండోది, ఆహ్వాన పత్రికలో ఆమె పేరు ముందు 'మహిళా మృదంగ విద్వాంసురాలు' అని గానీ మరొక ప్రత్యేకమైన మాట గానీ వేయకుండా, మిగతా ఇద్దరి పేర్లు ఎలా ఉంటే ఈమె పేరూ అలాగే ఉండాలని కోరతాను. మహిళా దినోత్సవానికి మాత్రమే పిలవాలన్న ప్రతిపాదనకు నేను అంగీకరించను.

ఆదితాళం గారూ, మీకు ఒక ప్రశ్న. మా హాలులో ప్రతిధ్వని ఎక్కువ, తని ఆవర్తనంలో ఎడమ వైపు నాదం ముద్దగా వినబడుతుందని ఇదివరకు వాయించిన పురుష విద్వాంసులు కూడా చెప్పారు. మైకు రెండు వైపులా పెట్టించాలా, ఎంత దూరంలో ఉంచాలి? సౌండు అబ్బాయితో ముందే మాట్లాడి ఉంచుతాను, ఎందుకంటే హాలు లోపం ఆ రోజు ఆమె చేతి మీదికి రాకూడదు.